తల్లి డ్వార్ఫ్, తండ్రి ఎల్ఫ్ అయితే క్యారెక్టర్‌ని ఎలా తయారుచేయాలి?

కల్పిత లోకంలో ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర పోషించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ 5వ ఎడిషన్ ఆడిస్తున్నారు, మీ ప్లేయర్ తల్లి డ్వార్ఫ్ (పొట్టిగా, గట్టిగా ఉండే జాతి), తండ్రి ఎల్ఫ్ (సన్నగా, దీర్ఘాయుష్షుతో ఉండే జాతి) అయిన క్యారెక్టర్ కావాలంటోంది. పుస్తకంలో దానికి రూల్ లేదు, సొంతంగా రాస్తే మిగతావాళ్లకంటే బలంగా తయారవుతుందేమోనని మీ టెన్షన్. హైదరాబాద్‌లో మా గ్రూప్‌కి డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపే వ్యక్తి) నేనే. ఇలాంటి క్యారెక్టర్లు మా దగ్గర చాలానే ఆడారు. నేను చెప్పేది ఇది: ఒంటితో పుట్టినవి వేరు, పెంపకంతో వచ్చినవి వేరు. ముందు ఆ రెండూ విడదీయండి, సగం పని అక్కడే అయిపోతుంది.

రూల్ ఎందుకు లేదంటే, ఈ గేమ్ మొదటినుంచీ మనిషి ఒకవైపు ఉన్న జంటలనే పట్టించుకుంది. హాఫ్-ఎల్ఫ్ (మనిషికీ ఎల్ఫ్‌కీ పుట్టిన బిడ్డ) 1975లో వచ్చింది. హాఫ్-ఆర్క్ (మనిషికీ ఆర్క్ అనే జాతికీ పుట్టిన బిడ్డ) 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో చేరి, 1989 పుస్తకంలో పోయి, 2000లో మళ్లీ వచ్చింది. 2024 హ్యాండ్‌బుక్‌లో ఈ రెండూ లేవు. 2022 ప్లేటెస్ట్‌లో (ఆడి చూడమని ముందుగా ఇచ్చిన ముసాయిదా రూల్స్‌లో) మాత్రం ఒక దారి చూపించారు: ఇద్దరిలో ఒకరి లక్షణాలన్నీ తీసుకోండి, రూపం మాత్రం మీ ఇష్టం వచ్చినట్టు కలపండి అని. బ్యాలెన్స్‌కి ఢోకా లేదు కానీ నాకు నచ్చలేదు. తల్లి జుట్టు రంగులో తప్ప ఇంకెక్కడా కనిపించకపోతే, ఆ ప్లేయర్ అడిగింది మనం ఇవ్వనట్టే.

వేరే గేమ్‌లు దీన్ని బాగా చేశాయి. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో 1, 5, 9, 13, 17 లెవెల్స్‌లో యాన్సెస్ట్రీ ఫీట్స్ (జాతిని బట్టి ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యాలు) వస్తాయి. మిశ్రమ హెరిటేజ్ (రెండు జాతుల వారసత్వం) ఉన్నవాళ్లు వాటిని రెండువైపుల నుంచీ ఎంచుకోవచ్చు. క్యారెక్టర్ ఎదిగేకొద్దీ ఏ వైపు మొగ్గుతోందో దాని వివరాలు రాసుకునే షీట్‌లోనే తెలుస్తుంది. 2025లో వచ్చిన డాగర్‌హార్ట్ ఇంకా సులువు: ప్రతి యాన్సెస్ట్రీకి రెండే ఫీచర్లు, ఒకదాని మొదటిదీ మరొకదాని రెండోదీ తీసుకుంటే సరిపోతుంది. నేను ఆ పద్ధతినే 5వ ఎడిషన్‌కి మలుచుకున్నాను.

మీ డ్వార్ఫ్-ఎల్ఫ్‌నే తీసుకుందాం. డార్క్‌విజన్ (చీకట్లో చూడగలగడం) ఇద్దరికీ ఉంది కాబట్టి దాన్ని లెక్కలో వేయకండి (2024 పుస్తకంలో డ్వార్ఫ్‌కి 120 అడుగులు, ఎల్ఫ్‌కి 60, నేనైతే 60 ఇస్తాను). మిగిలినవాటిని బరువైనవి (ఆటలో ఎక్కువ బలమిచ్చేవి), తేలికైనవి అని విడదీయండి. విషాన్ని తట్టుకోవడం, లెవెల్‌కొక అదనపు హిట్ పాయింట్ (ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే అంకె) బరువైనవి. ఎల్ఫ్‌ల ట్రాన్స్ (నిద్రకి బదులు చేసే ధ్యానం) తేలిక. ఒకవైపు నుంచి బరువైనది ఒకటి తీసుకుంటే, రెండోవైపు నుంచి తేలికైనవి ఒకటో రెండో. ఇక గొడ్డలి తిప్పడం, కమ్మరి పనిముట్లు వాడటం ఎవరికీ రక్తంలో రావు, అవి క్యారెక్టర్ ఎక్కడ పెరిగిందో అక్కడి నుంచి రావాలి. స్టోన్‌కన్నింగ్ దగ్గర కాస్త జాగ్రత్త. 2014 పుస్తకంలో అది రాతిపని గురించిన చదువు, అంటే పెంపకం. 2024లో రాతి మీద నిలబడి కదలికల్ని పసిగట్టే శక్తి, అంటే ఒళ్లు. పేరు ఒకటే అయినా లెక్క మారిపోతుంది.

మా గ్రూప్‌లో ఒకమ్మాయి ఇలాగే తన క్యారెక్టర్‌కి డ్వార్ఫ్ తల్లి నుంచి విషాన్ని తట్టుకోవడం, ఎల్ఫ్ తండ్రి నుంచి ట్రాన్స్ తీసుకుంది. ఆ క్యారెక్టర్ పెరిగింది గనుల ఊళ్లో కాబట్టి కమ్మరి పనిముట్లు ఇచ్చాను. మిగతావాళ్లు ఎనిమిది గంటలు పడుకుంటే ఈమెకి నాలుగు గంటల ట్రాన్స్ చాలు. మిగిలిన నాలుగు గంటలూ దీపం పెట్టుకుని అందరి కవచాలూ బాగుచేసేది. కొన్నాళ్లకి రాత్రి విడిది అనగానే ఒక్కొక్కరూ తమ డాలూ కత్తీ ఆమె ముందు పెట్టడం మొదలుపెట్టారు. విషం సంగతి అరుదుగా వచ్చింది కానీ ఈ తేలికైన లక్షణం మాత్రం ప్రతి సెషన్‌లోనూ పనికొచ్చింది. తండ్రి ఇచ్చిన రాత్రుల్లో తల్లి ఊరి పని చేస్తోందన్నమాట! అలా కుదిరితే నాకు ఎంత ఆనందమో చెప్పలేను.

ఆయుష్షు గురించి అంకెలతో కుస్తీ పట్టకండి. తాతలూ అమ్మమ్మలూ ఎవరెవరు బతికున్నారో అడగండి. ఎల్ఫ్ తాత ఏడొందల ఏళ్ల వయసులో ఇంకా ఉత్తరాలు రాస్తుంటే, మీకు కథ దొరికినట్టే.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైనది. రెండు జాతుల బిడ్డ అనగానే ఇద్దరూ వెలివేశారు, ఎక్కడా ఇమడలేదు అనే కథ మీరే రాసిపెట్టకండి. నేను చెప్పిన అమ్మాయి వాళ్ల అమ్మ తెలుగు, నాన్న మరాఠీ. ఉగాది, గుడి పడ్వా ఒకేరోజు కాబట్టి వాళ్లింట్లో పచ్చడీ ఉంటుంది, గుమ్మం దగ్గర గుడీ (కర్రకి పట్టుబట్ట, చెంబు కట్టి నిలబెట్టేది) ఉంటుంది. "నాకు రెండిళ్లు ఉన్నాయి, నా క్యారెక్టర్‌కీ రెండు ఉండాలి" అంది. ఆ ఒక్క మాటతో మా క్యాంపెయిన్‌లో (ఎన్నో సెషన్లు సాగే కథలో) రెండు ఊళ్లు పుట్టాయి. వెలివేత కథే ఆడాలని ప్లేయర్ కోరుకుంటే సరే, కానీ ఆ మాట వాళ్ల నోటి నుంచే రావాలి.

చివరగా మూడు లక్షణాల దగ్గర గట్టిగా ఉండండి: హాఫ్‌లింగ్ లక్ (హాఫ్‌లింగ్ అనే చిన్న జాతికి పాచికలో 1 పడితే మళ్లీ వేసుకునే అదృష్టం), మొదటి లెవెల్ నుంచే ఎగరడం, మనుషులకి వచ్చే అదనపు ఫీట్. వీటిలో ఒకటి తీసుకుంటే రెండోవైపు నుంచి ఒకే ఒక్క తేలికైనది ఇవ్వండి. మూడో లెవెల్ దాకా షీట్ మార్చుకోవచ్చని ముందే చెప్పేయండి, అప్పుడు ఇద్దరికీ టెన్షన్ ఉండదు.