ఒకే ఇంట్లో రెండు మొహమాటాలు

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 20 ఏళ్లు. మాది తెనాలి. ఏడాది చదువు కోసం సెప్టెంబరు ఆఖర్లో జపాన్‌లోని కనజావా వచ్చాను. హాస్టల్లో కాకుండా ఒక కుటుంబంతో ఉంటున్నాను. భార్యాభర్తలిద్దరూ అరవై దాటినవాళ్లు, పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. తనని ‘ఒకాసాన్’ అని, అంటే అమ్మా అని పిలవమన్నారు ఆవిడ. వచ్చి మూడు వారాలైంది. మొదటి రాత్రి స్నానం చేశాక, వాడిన నీళ్లు అలా వదిలేస్తే బాగుండదని టబ్బు ఖాళీ చేసేశాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు స్నానాల గది తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. టబ్బు బొమ్మ వేసి, బిరడా మీద ఇంటూ గుర్తు పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. మేము మాంసం, చేప, గుడ్డు తినం. ఫారంలో వెజిటేరియన్ అనే రాశాను. రోజూ పొద్దున ఇచ్చే మిసో సూప్, అంటే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే చారు, ఇష్టంగా తాగేదాన్ని. రెండో వారంలో వంటింట్లో దానికి వాడే ప్యాకెట్ మీద చేప బొమ్మ చూశాను. ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నాను. అప్పటి నుంచి ‘ఆకలి లేదు, పర్లేదు’ అని చెప్పి గదిలో బ్రెడ్డూ ఆవకాయా తింటున్నాను. అమ్మ రాత్రి తొమ్మిదికి పని ముగించుకుని ఫోన్ చేస్తుంది, అప్పటికి ఇక్కడ పన్నెండున్నర. ఎంత మెల్లగా మాట్లాడినా పక్క గదిలో తలుపు జరిపిన చప్పుడు వినిపిస్తుంది. ఒకాసాన్ ఇప్పుడు నాతో పెద్దగా మాట్లాడటం లేదు. నేను బయల్దేరే వేళకి గుమ్మం దగ్గర గొడుగు మాత్రం పెట్టి ఉంచుతారు, ఎండ కాస్తున్నా సరే. నాకు ఏదీ చేతకాదని అలా చెబుతున్నారేమో. వాళ్లకి బరువైపోయానని అర్థమవుతోంది. హాస్టల్‌కి మారిపోనా? అమ్మ వచ్చేయమంటోంది. వచ్చేయనా?

జవాబు: ముందు ఆ గొడుగు సంగతి చెబుతాను తల్లీ, ఎందుకంటే నీ ఉత్తరంలో నా మనసు అక్కడే ఆగిపోయింది. నువ్వున్న ఊళ్లో తరతరాలుగా ఒక సామెత ఉంది: బెంతో మర్చిపోయినా గొడుగు మర్చిపోకు. బెంతో అంటే మన మధ్యాహ్నం క్యారియర్ లాంటిది. కనజావా జపాన్ సముద్రం పక్కన ఉంది. శరదృతువు నుంచి చలికాలం దాకా ఆకాశం పొద్దున ఒకలా, మధ్యాహ్నానికి ఒకలా ఉంటుంది. ఎండ చూసి బయల్దేరినవాళ్లు తడిసి ఇంటికొస్తారు. అందుకే అక్కడ అమ్మలు పిల్లలకి గొడుగు అందించి పంపుతారు. మీ అమ్మ నువ్వు బస్సెక్కేటప్పుడు ‘వాటర్ బాటిల్ పెట్టుకున్నావా’ అని అడిగేది కదా, ఇదీ అదే. నీతో మాట్లాడటానికి మాట దొరక్క, ఆవిడ గొడుగు పెడుతున్నారు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ ఇంట్లో కోపంగా ఉన్న మనిషి నాకు ఎక్కడా కనిపించలేదు. కనిపించింది రెండు మొహమాటాలు. నీది తెనాలి మొహమాటం, ఆవిడది కనజావా మొహమాటం. జపనీస్‌లో దాన్ని ‘ఎన్ర్యో’ అంటారు. ఎదుటివాళ్లకి ఇబ్బంది కలగకూడదని మన ఇబ్బంది లోపల దాచుకోవడం. నువ్వు చెప్పవు, ఆవిడ అడగరు. ఇద్దరూ ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదనే నోరు మూసుకుని కూర్చున్నారు.

కొత్తగా కాపురానికి వెళ్లినప్పుడు నేనూ ఇదే చేశాను. మా పుట్టిల్లు గోదావరి వైపు, అత్తగారిల్లు కరీంనగర్ దగ్గర. జొన్నరొట్టె నాకు అలవాటు లేదు. రెండోది వేయబోతే ‘వద్దండీ, కడుపు నిండింది’ అని లేచిపోయేదాన్ని. రాత్రి నీళ్లు తాగి పడుకునేదాన్ని. మా అత్తగారు ‘నా చేతి వంట ఈ పిల్లకి ఎక్కడం లేదు’ అని బాధపడుతున్నారని నాలుగు నెలల తర్వాత మా ఆడపడుచు చెబితేగానీ తెలియలేదు. నా మర్యాద ఆవిడకి తిరస్కారంలా తగిలింది. ఆ నాలుగు నెలలు ఇప్పటికీ నాకు బాధే. నీకు అంత కాలం పట్టనివ్వను.

నువ్వు రోజూ అక్కడ ఏ మాట అంటున్నావో ఊహించగలను: ‘దైజోబు’. మన ‘పర్లేదు’ లాగే ఆ మాటకీ రెండు ముఖాలున్నాయి. ‘ఇంకొంచెం పెట్టనా’ అంటే దైజోబు, అంటే వద్దు. ‘ఏమైనా ఇబ్బందా’ అంటే దైజోబు, అంటే ఏమీ లేదు. రెండు వారాలు పగలూ రాత్రీ ఆ ఒక్క మాటే విన్న మనిషి ఇంకేం అడుగుతుంది? ‘ఈ అమ్మాయికి మా ఇల్లు నచ్చలేదు’ అని ఆవిడా దిగులు పడుతూ ఉండొచ్చు.

ఇక ఆ సూప్. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నీ అసలు గాయం ఇదే. మిసో సూప్‌లో ‘దషి’ అనే రసం పోస్తారు. చాలా ఇళ్లలో దాన్ని చేపతో చేస్తారు. ఒక సముద్రపు చేపని ఉడికించి, పొగబెట్టి, చెక్కలా గట్టిపడే దాకా ఎండబెట్టి, వడ్రంగి చిత్రిక పట్టినట్టు పల్చటి రేకులుగా తీస్తారు. పేరు కత్సువోబుషి. ఆ రేకుల్ని వేడినీళ్లలో కాసేపు ఉంచి వడగడతారు. చేప ముక్క ఎక్కడా కనిపించదు. వండే మనిషి లెక్కలో అది చేప వంట కానే కాదు. చారులో ఇంగువ వేస్తే దాన్ని ఇంగువ వంట అంటామా మనం? నువ్వు ఫారంలో రాసిన ‘వెజిటేరియన్’ అనే మాట చూసి ఆవిడ నీ పళ్లెంలో మాంసం, చేప లేకుండా జాగ్రత్త పడ్డారు. ఆవిడకి తెలిసినంత వరకు మాట నిలబెట్టుకున్నారు. నువ్వు తాగింది తెలియక తాగావు. నీ తప్పు లేదు, ఆవిడ తప్పూ లేదు. ఇందుకోసం నిన్ను నువ్వు ఇంకొక్క రోజు కూడా తిట్టుకోకు.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఆవిడకి ‘షోజిన్ ర్యోరి’ అనే మాట చెప్పు. బౌద్ధ ఆలయాల్లో సన్యాసులు తినే భోజనం అది. మాంసం, చేప ఉండవు, చేప రసమూ ఉండదు. మీ పక్కనే ఉన్న ఫుకుయి ప్రాంతంలో ఎయిహెయిజి అనే పెద్ద ఆలయం ఉంది. 1244లో దాన్ని స్థాపించిన దోగెన్ అనే గురువు అంతకు ముందే, 1237లో, మఠంలో వంట చేసేవాడు ఎంత శ్రద్ధగా ఉండాలో చెబుతూ ఒక గ్రంథమే రాశారు. వెజిటేరియన్ అనేది ఆవిడకి బయటి మాట. షోజిన్ అనేది చిన్నప్పటి నుంచి విన్న మాట. అది చెప్పగానే దషి సంగతి ఆవిడకే తడుతుంది. అయితే ఆ భోజనంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. నువ్వు అవి తింటే తింటానని చెప్పు, లేకపోతే పాపం ఆవిడ వాటినీ మానేస్తారు. గుడ్డు తిననని విడిగా చెప్పు. ఇంకో వాక్యం రాసిస్తున్నాను, బట్టీ పట్టు: ‘సకానా నో దషి మో తబేరారేమాసెన్.’ చేప దషి కూడా తినలేను అని. వెంటనే ‘కొంబు’ అను. కొంబు అంటే సముద్రపు నాచు. దానితోనూ, ఎండు షిటాకే పుట్టగొడుగులతోనూ మంచి దషి వస్తుంది. అది ఆవిడకి కొత్త కాదు.

చెప్పేటప్పుడు వంటింట్లో, ఆవిడ పక్కన నిలబడి చెప్పు. ఫోన్‌లో మెసేజ్ పెట్టకు. కాగితం మీద నువ్వు తినేవి ఒక వైపు, తిననివి ఒక వైపు బొమ్మలేసి తీసుకెళ్లు. తినేవాటి జాబితా పొడుగ్గా ఉండాలి. టోఫు, ముల్లంగి, వంకాయ, గుమ్మడి, చిలగడదుంప, తామర దుంప, అన్నీ రాయి. కనజావాలో తామర దుంప చాలా బాగుంటుంది, గోధుమ పిండిలోని జిగురుతో చేసే ‘ఫు’ కూడా అక్కడ ప్రసిద్ధే. శాకాహారికి అది చెడ్డ ఊరేమీ కాదు. ఒక జాగ్రత్త: నువ్వు ఇండియా నుంచి వచ్చావని ప్రేమగా కర్రీ వండుతారు. షాపులో దొరికే కర్రీ ముద్దల్లో చాలావాటిలో జంతువుల కొవ్వు కలుస్తుంది. ప్యాకెట్ ఇద్దరూ కలిసి చదవండి.

ఇదంతా విని ‘దషి వరకు సర్దుకుంటాను’ అని నీకే అనిపిస్తే అదీ నీ ఇష్టమే. కానీ ఇష్టంతో సర్దుకోవడం వేరు, మొహమాటానికి మింగడం వేరు. రెండోది చెయ్యకు.

స్నానాల గది కాగితం గురించి. అక్కడ టబ్బులో కూర్చునేది ఒళ్లు కడుక్కోవడానికి కాదు. ముందు బయట పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాతే వేడినీళ్లలో దిగాలి. ఆ నీళ్లు ఇంటిల్లిపాదికీ. ఒకరి తర్వాత ఒకరు దిగి, చల్లారకుండా మూత వేస్తారు. చాలా ఇళ్లలో మర్నాడు ఆ నీళ్లతోనే బట్టలుతుకుతారు కూడా. అతిథి అని నిన్ను మొదట పంపారు. మొదట వెళ్లిన నువ్వు నీళ్లన్నీ వదిలేశావు, అంతే జరిగింది. ఒకరు దిగిన నీళ్లలో దిగడం మన ఇళ్లలో లేని అలవాటు, మనసు ఒప్పకపోతే బయట షవర్ చేసుకుని వచ్చెయ్యి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ కాగితం ఇంకా ఉంటే ఇవాళ ఒకసారి నిదానంగా చూడు. రాసినవి కష్టమైన కాంజీ అక్షరాలా, పలికినట్టు రాసే తేలికైన హిరాగనా అక్షరాలా? కాంజీ అయితే పైన చిన్నగా హిరాగనా రాసి ఉందా? ఉంటే అది నువ్వు చదవగలగాలని రాసింది. నలుగురిలో చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని బొమ్మ వేసింది. అరవై దాటిన ఆవిడ రాత్రి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, బిరడా బొమ్మ గీస్తున్నట్టు ఒక్కసారి ఊహించుకో.

ఫోన్ విషయం మాత్రం నువ్వే సరిదిద్దుకోవాలి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. కాగితపు తలుపుల ఇళ్లలో గుసగుస కూడా వినబడుతుంది. మన సాయంత్రం ఐదున్నరకి మాట్లాడుకుంటే నీకు తొమ్మిది. ఆదివారాలు ఎంతసేపైనా మాట్లాడుకోండి. ఇన్నాళ్లు నిద్ర చెడగొట్టినందుకు ఒకాసాన్‌కి ఒక్క మాట, ‘సుమిమాసెన్’ అను. రెండోసారి అనక్కర్లేదు.

భాష రాక మాట్లాడలేకపోతున్నానని కూడా నీలో ఉండి ఉంటుంది. నాకు తెలిసిన జపనీస్ నేర్చుకున్న తెలుగు పిల్లలందరికీ ఒకటే చెబుతాను: ఇంగ్లీషులో ఆలోచించి జపనీస్‌లోకి మార్చకు, తెలుగులో ఆలోచించు. ‘నేను అన్నం తింటాను’ అని ఏ వరసలో అంటామో, వాళ్లూ అదే వరసలో అంటారు. క్రియ చివరికే వస్తుంది. మన ‘అని’కి వాళ్ల ‘తో’ ఉంది. మనకి గిరగిర ఉంటే వాళ్లకి గురుగురు ఉంది. వాళ్ల ‘గోహన్’ అంటే వండిన అన్నమూ, భోజనమూ రెండూ, అచ్చం మనం ‘అన్నం తిన్నావా’ అన్నట్టే. తప్పులు పోతే పోనీ. పొద్దున వెళ్తూ ‘ఇత్తెకిమాసు’ (వెళ్లొస్తాను), సాయంత్రం వచ్చి ‘తదాయిమా’ (వచ్చేశాను), ఈ రెండూ గట్టిగా, ఆవిడ వంటింట్లో ఉన్నా వినబడేలా అను. ‘ఒకాయెరి’ (వచ్చావా) అని ఆవిడ గొంతు వస్తుందో లేదో విను.

మారిపోవాల్సిన ఇళ్లు కూడా ఉంటాయి, దాచను. ఎవరైనా అనుమతి లేకుండా నీ గదిలోకి వస్తున్నా, తాకినా, మాటల్లో చూపుల్లో ఇబ్బంది పెట్టినా, పాస్‌పోర్ట్ తీసి పెట్టుకున్నా, ఒప్పుకున్న భోజనం పెట్టకపోయినా, అప్పుడు ఏ మొహమాటమూ వద్దు. అదే రోజు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి చెప్పు. ప్రమాదం అనిపిస్తే పోలీసు నంబరు 110, అంబులెన్స్ 119. నీ ఉత్తరంలో అలాంటిది ఒక్కటీ లేదు. అందుకే మూడు వారాలకే మారమనీ, వచ్చేయమనీ నేను చెప్పను. ఇంకో నెల ఉండు. అప్పటికీ నిద్ర పట్టక, తిండి సయించక, ఊరికే ఏడుపు వస్తుంటే యూనివర్సిటీలో స్టూడెంట్ కౌన్సెలర్‌ని కలువు. ఇల్లు మారడం గురించి అప్పుడు ఆలోచిద్దాం, తప్పేం లేదు.

మీ అమ్మగారికి ఒక మాట. అమ్మా, పిల్ల గొంతు వణికితే వచ్చేయమనాలనిపించడం సహజం. కానీ ‘వచ్చేయ్’ అన్న ప్రతిసారీ తను అక్కడ ఓడిపోతోందని తనకి వినిపిస్తుంది. ‘ఇవాళ ఏం తిన్నావు, ఒకాసాన్ ఏం చేశారు’ అని అడగండి. వీలైతే ఒక ఆదివారం వీడియో కాల్‌లో ఆవిడకి నమస్కారం పెట్టండి. భాష అక్కర్లేదు. అవతల ఉన్నదీ పిల్లల్ని దూరాన పెట్టుకున్న తల్లే.

తల్లీ, శనివారం ఆవిడకి తీరిక ఉంటుందేమో అడిగి, ఒక పూట వంటిల్లు ఇమ్మను. ముందే చెప్పు, పోపు వేస్తే ఘాటు వస్తుందని. ఫ్యాను వేసి, కిటికీ తీసి, ఆవిడని పక్కనే ఉండమను. ముల్లంగి ఆవిడ దగ్గరే ఉంటుంది, వేపుడు చెయ్యి. అన్నం ఆవిడనే వండమను. గదిలో దాచుకున్న ఆవకాయ సీసా కిందికి తెచ్చి బల్ల మీద పెట్టు. మొదటిసారి ఒక్క మెంతిగింజంత వడ్డించు, పక్కన మంచినీళ్లు ఉంచు.