రెండు రిబ్బన్లా, ఒకటేనా?

ప్రశ్న: మా ఊరి చెరువు అంచున దొరికిన పచ్చని నాచును బడిలోని సూక్ష్మదర్శినితో చూశాను. ఒక్కో కణంలో మెలికలు తిరిగిన రెండు రిబ్బన్లు ఒకదాన్నొకటి దాటుతూ కనిపించాయి. ఫోనులోని యాప్‌కు ఫొటో చూపిస్తే ‘స్పైరోగైరా లాంగేటా’ అంది. పిల్లల చార్టు మీద ఆ పేరు రాయించవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ‘స్పైరోగైరా’ అని నిశ్చింతగా రాయించండమ్మా. ‘లాంగేటా’ మాత్రం ఇప్పుడే వద్దు.

మెలికల రిబ్బన్, అంటే ఆ కణంలోని హరితరేణువు, కనిపించిందంటే ప్రజాతి (పేరులోని మొదటి మాట) తేలినట్టే. దీని దగ్గరి చుట్టం జైగ్నీమాలో కణానికి రెండు నక్షత్రాల్లాంటి హరితరేణువులుంటాయి. చేతికీ తేడా తెలుస్తుంది: స్పైరోగైరా పట్టుదారంలా వేళ్ల మధ్య జారిపోతుంది, కొమ్మలు వేసే క్లాడోఫోరా గరుకుగా తగులుతుంది.

చిక్కంతా జాతి (పేరులోని రెండో మాట) దగ్గరే. ఈ ఒక్క ప్రజాతిలోనే 400కు పైగా జాతులున్నాయి. లాంగేటాకు కణానికి ఒకటే రిబ్బన్. మీరు రెండన్నారు. అయితే మళ్లీ లెక్కపెట్టండి. కణం పారదర్శకమైన గొట్టం కదా, ఒకే రిబ్బన్ ముందువైపు ఒక ఏటవాలుగా, వెనకవైపు దానికి ఎదురు ఏటవాలుగా సాగుతుంది. రెండూ కలిసి గుణకారం గుర్తులా కనబడి, రెండు రిబ్బన్లేమో అనిపిస్తుంది. ప్రయోగశాలలో విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 40 రెట్ల కటకం పెట్టి, సన్న మరను మెల్లగా తిప్పుతూ ఒక్క రిబ్బన్‌నే ఈ కొస నుంచి ఆ కొస దాకా చూపుతో వెంబడించండి. అడ్డుగోడ దగ్గర ఎన్ని కొసలు ఆగాయో అన్నే రిబ్బన్లు. ఆ అడ్డుగోడ తిన్నగా ఉందా, లోపలికి మడత పడిందా అన్నదీ గమనించండి. వెబరీ వంటి జాతులకు మడత ఉంటుంది. కణం వెడల్పు కూడా కొలవాలి.

ఇవన్నీ సరిపోయినా, జైగోస్పోర్ (రెండు కణాల్లోని పదార్థం కలిసి ఏర్పడే మందపాటి గోడల బీజం) చూడనిదే నేను జాతి పేరు చెప్పను. దాని ఆకారం, మధ్యపొర నునుపుగా ఉందా, గుంటలు పడిందా అన్నవే అసలైన ఆనవాళ్లు. అవి ఫొటోలో లేనప్పుడు యాప్ చెప్పేది ఊహే.

కాబట్టి ఆ నాచును చెరువు నీళ్లతోనే వెడల్పాటి గాజుగిన్నెలో వేసి, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర ఉంచండి. రోజూ ఒక పోగు తీసి చూడండి. అదృష్టం కలిసొస్తే రెండు తంతువులు పక్కపక్కన చేరి, ఎదురెదురు కణాల నుంచి గొట్టాలు చాచి నిచ్చెనలా కలుస్తాయి. ఒక కణంలోని పచ్చదనమంతా ముద్దకట్టి, ఆ సన్నని దారిలో నడుం నొక్కుకుంటూ అవతలికి జారడం నేను మొదటిసారి చూసినప్పుడు భోజనం వేళ దాటిపోయినా కుర్చీ వదల్లేదు. మీ పిల్లలకు అది తప్పక చూపించండి.

జైగోస్పోర్లు ముదిరి గోధుమరంగుకు తిరిగాక ఫొటో తీసి, కొలతలతో పంపండి. అప్పటిదాకా చార్టు మీద ‘స్పైరోగైరా’ పక్కన చోటు ఖాళీగా ఉంచి, కింద చెరువు పేరు, నాచు తీసిన తేదీ రాయించండి.