బెజవాడలో గది తీసుకునే ముందు

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

గుంటూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోవడం ఇక నీ వల్ల కాదనీ, విజయవాడలోనే గది తీసుకుని ఉంటాననీ రాసిన ఉత్తరం అందింది. ఆలోచన మంచిదే. అయితే మీ నాన్నకు చెప్పే ముందు, వచ్చే జీతంలో అద్దెకెంత, తిండికెంత, మిగిలేదెంత అన్నది కాగితం మీద పెట్టుకో. మిర్చి యార్డులో ఏళ్ల తరబడి పద్దులు రాసిన మనిషి కనుక, కన్నీళ్లకన్నా లెక్కకే తొందరగా మెత్తబడతాడు. అద్దె జీతంలో మూడో వంతు దాటకూడదు. అడ్వాన్సు కాకుండా మూడు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలి. ఆ డబ్బు చేరేదాకా బస్సు తప్పదు.

ఇల్లు చూడడానికి మాత్రం తొందరపడకు. ఉదయం ఒకసారి వెళ్లి కుళాయి తిప్పి, మున్సిపల్ నీళ్లు ఎన్నింటికి వస్తాయో, బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో చూడు. మధ్యాహ్నం నాలుగు దాటాక మళ్లీ వెళ్లి పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించు. పై అంతస్తు అద్దె తక్కువని సంబరపడేవాళ్లకు, పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడినంతా గదిలోకి వదులుతుందని మే నెలలో గానీ తెలియదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. చీకటి పడ్డాక కూడా ఒకసారి వెళ్లి వీధి దీపాలు వెలుగుతున్నాయో లేదో, గేటుకు ఎన్నింటికి తాళం వేస్తారో కనుక్కో. నీ ఆఫీసు ఆలస్యమైన రోజున అక్కరకొచ్చేవి ఆ రెండే.

వాన నీటి సంగతి ఇంటి యజమానిని అడగకు, వీధి చివర కిరాణా కొట్టులో అడుగు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు అజిత్‌సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. గోడలకు కొత్తగా సున్నం వేశాక ఆ నీటి గుర్తు కంటికి కనబడదు. ఆ వైపు అసలు ఉండవద్దని నేననను గానీ, కింది అంతస్తు మాత్రం తీసుకోకు; ఎక్కడున్నా సర్టిఫికెట్లు మీ అమ్మ బీరువాలోనే ఉంచి, నకళ్లు వెంట తెచ్చుకో.

కరెంటు మీటరు నీ వాటాకు విడిగా ఉందో లేదో తప్పక చూడు. యూనిట్లు పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర కూడా పెరుగుతుంది కనుక, రెండు వాటాలకు ఒకే మీటరుంటే యజమాని ఇంట్లో ఏసీ భారం కొంత నీ మీద పడుతుంది. చేరిన రోజునే మీటరు రీడింగు, గోడల పగుళ్లు, ఊడిన తలుపు గడియలు ఫోనులో ఫోటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతలన్నీ వీటి పేరుతోనే మొదలవుతాయి. పదకొండు నెలల అగ్రిమెంటులో ఎన్నాళ్ల ముందు చెప్పి ఖాళీ చెయ్యాలో, రంగుల ఖర్చు ఎవరిదో చదివిన తరువాతే సంతకం పెట్టు.

ఈలోగా ఒక నెల మీ ఇంట్లోనే అలవాటు చేసుకో. రాత్రి వంట, గ్యాస్ బుకింగు, పాల లెక్క, కరెంటు బిల్లు నీ చేతికి తీసుకుని అమ్మను కూర్చోమను. (ఆమె కూర్చోదు, అది వేరే సంగతి.) ఆ నెలలో నీకు ఏది రాదో తెలుస్తుంది, నువ్వు వండింది తిన్నాక మీ నాన్న బెంగా కాస్త తగ్గుతుంది.

సామాన్ల విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. మూడు లీటర్ల కుక్కరు, చిన్న మిక్సీ, మంచి నీళ్ల క్యాను చాలు. గిన్నెలు మీ అటక మీదే ఉన్నాయి. గ్యాస్ కనెక్షన్‌కు అడ్రసు కాగితం చేతికి వచ్చేదాకా, గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చే ఐదు కిలోల చిన్న సిలిండరుతో సర్దుకో.

వచ్చే ఆదివారం ఇళ్లు చూడడానికి వచ్చేటట్లయితే ముందు సత్యనారాయణపురంలో మా ఇంటికి రా. ఇద్దరం కలిసి వెళదాం. అద్దె బేరం నాకు వదిలెయ్యి, నువ్వు మాత్రం ఇల్లు నచ్చినట్టు ముఖంలో కనబడనివ్వకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ