ఏఎన్‌ఏ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. పుట్టిల్లు కనిగిరి వైపు. వయసు 34. రొయ్యల ప్లాంటులో పని. కొన్నాళ్లుగా మోకాళ్లు, చేతివేళ్లు నొప్పులు. హెల్త్ ప్యాకేజీలో ఏఎన్‌ఏ పాజిటివ్, 1:80 అని వచ్చింది. సొంత ఒంటి మీదే దాడి చేసే కణాలు పుట్టాయని, లూపస్ కావచ్చని అంటున్నారు. నాకే ఎందుకిలా?

జవాబు: మీకే కాదమ్మా, అలాంటి కణాలు నాకూ రోజూ పుడుతుంటాయి. లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు. ఏఎన్‌ఏ అంటే మన కణాల కేంద్రకాన్నే పట్టుకునే యాంటీబాడీలు. యాంటీబాడీలు తయారయ్యేది బి కణాలనే తెల్ల రక్తకణాల నుంచి. రేపు ఏ క్రిమి వస్తుందో శరీరానికి ముందే తెలియదు. అందుకే ఎముక మజ్జలో పుట్టే ప్రతి బి కణం జన్యు ముక్కల్ని ఎలాపడితే అలా కలిపి తన గ్రాహకాన్ని, అంటే ఎదుటి పదార్థాన్ని పట్టుకునే కొక్కేన్ని, తయారుచేసుకుంటుంది. దాంతో సొంత పదార్థాలను పట్టుకునేవీ బోలెడు వస్తాయి. అప్పుడే పుట్టిన బి కణాల్లో సగానికి పైగా ఇలాంటివేనని 2003లో ఒక పరిశోధన తేల్చింది.

వీటిని శరీరం ఊరికే వదిలెయ్యదు. సొంత పదార్థాన్ని గట్టిగా పట్టుకున్న కణం మజ్జలోనే గ్రాహకాన్ని మార్చుకోవాలి, లేదంటే చావాలి. కాస్త బలహీనంగా పట్టుకునేవి తప్పించుకుని రక్తంలోకి వచ్చినా, ఆ పదార్థమే పదేపదే తగిలి మొద్దుబారిపోతాయి. బి కణాలు బతకడానికి బాఫ్ అనే ప్రోటీన్ కావాలి. దాని కోసం జరిగే పోటీలోనూ ఇవి వెనకబడతాయి. అన్నిటికంటే పెద్ద కట్టడి టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలది. సహాయక టి కణం తోడు లేకుండా బి కణం పెద్దగా ఏమీ చెయ్యలేదు. లూపస్‌లో ఈ కట్టుబాట్లు ఒకచోట కాదు, పలుచోట్ల సడలుతాయి. ఆ జబ్బుకు ఇచ్చే బెలిముమాబ్ అనే మందు అడ్డుకునేది బాఫ్‌నే.

ఇక మీ 1:80 సంగతి. అంటే రక్తరసాన్ని 80 రెట్లు పలచన చేసినా ఆ యాంటీబాడీలు కనిపించాయని. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ నూటికి పదిమందికి పైగా ఇంత ఉంటుంది. ఒళ్లు నొప్పులన్న ప్రతివారికీ ఈ పరీక్షను ప్యాకేజీలో కలిపి చేయడం నాకు నచ్చదు. ఇలాంటి భయాలు చాలావరకు అక్కడే పుడుతున్నాయి.

కాగితం కంటే మీ చేతులే నాకు ఎక్కువ చెబుతాయి. ఐస్‌లో రొయ్యలు పట్టుకున్నప్పుడు వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారుతున్నాయా? పొద్దున్నే కీళ్లు అరగంటకు మించి బిగుసుకుంటున్నాయా? ఎండకు వెళితే చెంపల మీద దద్దుర్లు, నోట్లో పుళ్లు వస్తున్నాయా? వీటిలో ఏది ఉన్నా రుమటాలజిస్టును (ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే డాక్టరును) కలవండి. డీఎస్ డీఎన్‌ఏ (లూపస్‌ను పట్టిచ్చే యాంటీబాడీ), సి3, సి4 (రక్తంలోని రోగనిరోధక ప్రోటీన్లు), సీబీసీ (రక్తకణాల లెక్క), మూత్రంలో ప్రోటీన్ చూస్తారు. ఏఎన్‌ఏ మళ్లీ చేయించొద్దు, డబ్బు దండగ.

ఇవేవీ లేకపోతే మామూలు కారణాలు వెతకాలి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు చిన్నప్పుడు ఏళ్లతరబడి తాగారా, ఈమధ్య చికున్‌గున్యా వచ్చిందా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి. నొప్పులకని ఊళ్లో ఇచ్చే స్టెరాయిడ్ బిళ్లలు, ఇంజెక్షన్లు మాత్రం వద్దు. జబ్బు ఉంటే అవి దాన్ని కప్పేస్తాయి. మూత్రం నురగగా వచ్చినా, పాదాలు వాచినా ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్లండి.