పరామర్శ పరిచర్యలో ప్రార్థన ఎందుకు?

రోగుల్ని, దుఃఖంలో ఉన్నవాళ్లని చూడటానికి వెళ్లినప్పుడు ప్రార్థన కూడా అవసరమా, చేతి సాయం సరిపోదా అన్నది ప్రశ్న. రెండూ కావాలి. బైబిల్లో యాకోబు పత్రిక అనే ఉత్తరంలో రెండూ ఉన్నాయి: రోగి సంఘపెద్దలను పిలిపించుకోవాలని, వాళ్లు అతని కోసం ప్రార్థన చేయాలని 5:14 చెబుతుంది, బట్టా తిండీ లేనివాళ్లను ఉత్త మాటలతో పంపేస్తే ఏం ప్రయోజనమని 2వ అధ్యాయం నిలదీస్తుంది. మందులు కొనలేని మనిషి దగ్గర ప్రార్థన చేసి చేతులు దులుపుకుని రావడం నా దృష్టిలో పరిచర్య కాదు.

ప్రార్థన ముందుగా పనిచేసేది వెళ్లేవాళ్ల మీదే. బాగుచేసేది దేవుడన్న స్పృహ ఉంటే సలహాలు గుప్పించే తొందర తగ్గుతుంది, అంతా మనమే మోయాలన్న టెన్షన్ కూడా.

ఇక మంచం పక్కన ముందు వినాలి. గుడ్డివాడైన బర్తిమయిని సైతం యేసు "నీకు ఏం చేయమంటావు?" అని అడిగాడు (మార్కు 10:51). "దేని కోసం ప్రార్థించమంటారు?" అని అడిగి చూడండి. జబ్బు సంగతి పక్కనపెట్టి, మాట్లాడటం మానేసిన కొడుకు గురించో రేపటి స్కానింగ్ భయం గురించో చెప్పవచ్చు. ఆ మాటల్నే దేవుని ముందు పెట్టండి. రెండు నిమిషాలు చాలు, నీరసంగా ఉన్నవాళ్లకు పెద్ద ప్రార్థన భారం. వద్దంటే బలవంతం చేయొద్దు, ఇంటికొచ్చాక చేసుకోవచ్చు.

"విశ్వాసం ఉంటే తప్పక నయమవుతుంది" అని మాత్రం హామీ ఇవ్వకండి. నయం కాకపోతే లోపం తనదేనని రోగి కుమిలిపోతాడు. ఏడుపు కూడా ప్రార్థనే. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. రోగి దగ్గర విన్న విషయాలను ప్రార్థన విన్నపాల పేరుతో నలుగురిలో చెప్పాలనుకుంటే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి.