చిన్న పికప్, పెద్ద ట్రైలర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. వేసవి సెలవుల్లో కొలరాడో వెళ్లిరావడానికి 2,900 పౌండ్ల క్యాంపర్ ట్రైలర్ ఒకటి చూసుకున్నాం. దాన్ని లాగడానికి 2023 ఫోర్డ్ మావరిక్ హైబ్రిడ్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. "మావరిక్ 4,000 పౌండ్లు లాగుతుంది, కళ్లు మూసుకుని తీసుకోండి" అంటున్నాడు సేల్స్‌మన్. తీసుకోవచ్చా?

జవాబు: కళ్లు తెరిచే చూడండి, ఆ బండి మీ పనికి రాదు. సేల్స్‌మన్ చెప్పిన 4,000 అబద్ధమేం కాదు, కాకపోతే అది వేరే మావరిక్ సంగతి. 2022 నుంచి 2024 దాకా వచ్చిన హైబ్రిడ్ మావరిక్‌లు ముందు చక్రాలతో నడిచేవి, వాటి పరిమితి 2,000 పౌండ్లు, అంతే. ఆ ఏళ్ల బండిలో 4,000 కావాలంటే 2.0 లీటర్ల టర్బో ఇంజన్, ఆల్ వీల్ డ్రైవ్, వాటిమీద '4కే టో ప్యాకేజ్' ఉండాలి. హైబ్రిడ్‌కి ఆ ప్యాకేజ్ 2025 మోడల్ నుంచే వచ్చింది, అదీ ఆల్ వీల్ డ్రైవ్ తీసుకున్నవాళ్లకే. ప్యాకేజ్ అంటే వెనక ట్రైలర్ తగిలించే హిచ్ ఒక్కటే అనుకుంటారు చాలామంది. టర్బో బండికి ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్, ఇంకాస్త బలమైన రేడియేటర్ ఫ్యాను కూడా దాంతోనే వస్తాయి. బయట షాపులో హిచ్ బిగించుకుంటే చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల కూలర్ మాత్రం ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

సరే, ప్యాకేజ్ ఉన్న టర్బో బండే దొరికిందనుకుందాం. 2,900 అన్నది ఖాళీ ట్రైలర్ బరువు. నీళ్లు గ్యాలన్‌కి ఎనిమిది పౌండ్ల పైమాటే, 30 గ్యాలన్లు నింపితే 250. ప్రొపేన్ సిలిండర్, బ్యాటరీ, పరుపులు, కుర్చీలు, మనవాళ్లం కాబట్టి రైస్ కుక్కరు, బియ్యం, ఆవకాయ జాడీ... మొత్తం 3,500 దగ్గర తేలుతుంది. అందులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద, అంటే మీ బండి నెత్తినే పడుతుంది. పన్నెండు శాతం వేసుకున్నా 420 పౌండ్లు. మీ నలుగురూ కలిపి 500, పికప్ వెనక తొట్టిలో సామాను 200. అప్పుడే 1,120 అయింది. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ కనిపిస్తుంది, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని. మావరిక్‌కి 1,500 అని కంపెనీ చెప్పుకున్నా, హంగులు పెరిగేకొద్దీ ఆ స్టిక్కర్ మీద అంకె దిగిపోతుంది. కొనేముందు ఆ తలుపు తీసి ఫొటో తీసుకోండి, బ్రోషర్ పక్కన పడేయండి. చిన్న పికప్‌లకి లాగే పరిమితి చేరకముందే మోసే పరిమితి అయిపోతుంది, ఈ మాట షోరూములో ఎవరూ చెప్పరు.

అలాగని కంపెనీలు నోటికొచ్చిన అంకె వేస్తాయని కాదు. లాగే పరిమితి తేల్చడానికి జే2807 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 11.4 మైళ్ల ఎత్తు రోడ్డు మీద, మండే ఎండలో, ఏసీ ఫుల్‌గా పెట్టి, 40 మైళ్ల వేగం తగ్గకుండా ట్రైలర్‌ని లాగి చూపించాలి. గట్టి పరీక్షే. కాకపోతే ఆ లెక్కలో బండిలో ఉండేది 150 పౌండ్ల మనుషులు ఇద్దరే. మీ పిల్లలూ లేరు, ఆవకాయ జాడీ అంతకన్నా లేదు.

ఇక మీ దారి. అమరిల్లో చుట్టుపక్కల ఎదురుగాలి సంగతి ఆ రోడ్డున వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు, పెట్టెలాంటి క్యాంపర్ ఆ గాలికి గోడలా అడ్డం నిలబడుతుంది. బరువు పరిమితిలోనే ఉన్నా, ట్రైలర్ ముందు భాగం ఎంత వెడల్పు, ఎత్తు ఉండొచ్చో కూడా టోయింగ్ గైడ్‌లో రాసి ఉంటుంది, చూసుకోండి. తర్వాత రటోన్ పాస్, 7,834 అడుగులు. ఎత్తు ఎక్కేటప్పుడు గేర్లు మారుతూ, ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకి అందించే టార్క్ కన్వర్టర్ లాక్ అవకుండా జారుతూ ఉన్నంతసేపూ లోపల ఆయిల్ కాగిపోతూనే ఉంటుంది. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్లు పాడవడానికి మొదటి కారణం ఈ వేడే. డిస్‌ప్లేలో ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ చూపించే బండి అయితే అది 200 ఫారెన్‌హీట్ అటూ ఇటూ ఉన్నప్పుడు టెన్షన్ అక్కర్లేదు. 240 దాటి దిగనంటే రోడ్డు పక్కన ఆపండి, పార్క్‌లో పెట్టండి, ఇంజన్ మాత్రం కట్టేయకండి, అది తిరుగుతుంటేనే ఆయిల్ కూలర్‌లోకి వెళ్లి చల్లబడుతుంది.

నన్నడిగితే ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న హోండా రిడ్జ్‌లైన్ చూడండి, 5,000 పౌండ్లు లాగుతుంది, నలుగురూ కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. లేదూ, మావరిక్ మీదే మనసు పడిందంటే ట్రైలర్‌ని చిన్నది చేసుకోండి. ఏదైనా సరే, బయల్దేరే ముందు సామానంతా ఎక్కించి, ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీద ఒకసారి తూయించండి.

ప్రశ్న: షార్లెట్‌లో ఉంటాను. లేక్ నార్మన్‌కి బోటు తీసుకెళ్లడానికి 2022 హ్యుందాయ్ శాంటా క్రూజ్ టర్బో చూస్తున్నా. డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ అని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు.

జవాబు: భయం కొంత నిజమే, కొంత అతి. టర్బో బండి 5,000 పౌండ్లు లాగుతుంది, టర్బో లేనిది 3,500. టర్బో లేనిదాంట్లో మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంటుంది, టర్బోలో ఆయిల్‌లో మునిగి ఉండే రెండు క్లచ్‌లు. హైవే ఎక్కాక ఈ గేర్‌బాక్స్‌తో పేచీ లేదు, చిక్కంతా బోటు ర్యాంపు దగ్గరే. తడి ర్యాంపు మీద వెనక బోటు వేలాడుతుంటే యాక్సిలరేటర్ మీద కాలు సగం పెట్టి అంగుళం అంగుళం కదిలిస్తారు చూడండి, అప్పుడు క్లచ్ పూర్తిగా పట్టుకోదు, రాసుకుంటూ వేడెక్కుతుంది. బ్రేకు మీద బండిని నిలబెట్టండి, ముందు ఖాళీ అయ్యాక ఒక్క ఊపున పైకి తీసుకెళ్లండి. ఇంకో సంగతి, ఈ గేర్‌బాక్స్‌లోని ఎలక్ట్రిక్ ఆయిల్ పంపు గురించి 2022 చివర్లో రీకాల్ వచ్చింది. బండి గుర్తింపు నంబరు (విన్) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి చూడండి, రీకాల్ పని జరగకపోతే డీలర్ దగ్గర ఉచితంగా చేయించుకున్నాకే చెక్కు రాయండి. మీ బోటు ట్రైలర్‌తో కలిపి 3,500 లోపే అయితే, నేనైతే టర్బో లేనిదే కొంటాను.

ప్రశ్న: మా అబ్బాయి ఒహాయోలో చదువుతున్నాడు. 2008 నిస్సాన్ ఫ్రాంటియర్ ఆటోమేటిక్ చవగ్గా వస్తోందట. కొననివ్వాలా?

జవాబు: రేడియేటర్ ఎప్పుడు మార్చారో అడగమనండి, మిగతా ప్రశ్నలు తర్వాత. 2005 నుంచి 2010 దాకా వచ్చిన ఫ్రాంటియర్లలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ చల్లబడేది రేడియేటర్ లోపలి కూలర్‌లోనే. ఆ కూలర్ చిట్లితే కూలెంటూ ఆయిలూ కలిసిపోయి గులాబీ రంగు మిల్క్‌షేక్ తయారవుతుంది, ఇక్కడి మెకానిక్‌లు దాన్ని ఆ పేరుతోనే తిట్టుకుంటారు. ఆ నీళ్లు ట్రాన్స్‌మిషన్‌లోకి వెళ్లాక క్లచ్ ప్లేట్ల మీది పొర ఊడిపోతుంది, అక్కణ్నుంచి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి లోపలికి టార్చి కొట్టమనండి, నురగలా గులాబీ జిడ్డు కనిపిస్తే దండం పెట్టి వచ్చేయమనండి. ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ కూడా చూడాలి, అది చేత్తో లాగితే రాదు, చిన్న బోల్టుతో బిగించి ఉంటుంది, 10 మిల్లీమీటర్ల పానా జేబులో వేసుకెళ్లమనండి. రెండూ శుభ్రంగా ఉంటే బండి గట్టిదే, కొనొచ్చు. కొన్న వారంలోనే రేడియేటర్ మార్పించండి, లేదా ఆయిల్‌కి బయట విడిగా కూలర్ పెట్టించి రేడియేటర్‌తో సంబంధం తెంపేయండి. ట్రాన్స్‌మిషన్ ఖర్చు ముందు ఇదెంత.

ప్రశ్న: నాది 2019 టయోటా టకోమా వీ6 ఆటోమేటిక్. చిన్న ట్రైలర్ తగిలించినా ఐదుకీ ఆరుకీ మధ్య గేర్లు ఊరికే మారుతుంటాయి. పాడైపోతోందా?

జవాబు: లేదు, ఆ తరం టకోమాకి ఉన్న అలవాటే అది. ట్రైలర్ ఉన్నప్పుడు గేర్ లివర్‌ని 'ఎస్'లోకి లాగి నాలుగులోనే ఉంచండి, ఇంజన్ కాస్త అరుస్తుంది, అరవనివ్వండి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని ఎవరైనా అంటే, ట్రైలర్ లాగేవాళ్ల కోసం టయోటా మెయింటెనెన్స్ పుస్తకంలో 60,000 మైళ్ల దగ్గర రాసింది తీసి చూపించండి.