కొత్త టీమ్ కదా అని ఇంటర్ మానిపించి పంపొచ్చా?

ప్రశ్న: మాది పుదుచ్చేరి కిందికి వచ్చే యానాం. మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. ఎడమచేతి స్పిన్ బాగా వేస్తాడు, కాకినాడలో కోచింగ్‌కి వెళ్తున్నాడు. ఆంధ్ర టీమ్‌కి పోటీ ఎక్కువ, పుదుచ్చేరి కొత్త టీమ్ కాబట్టి అక్కడైతే త్వరగా రంజీ ఆడేస్తాడని అందరూ అంటున్నారు. ఇంటర్ మానిపించి పుదుచ్చేరిలో అకాడమీలో పెట్టాలనుకుంటున్నాం. పుట్టింది మాత్రం కాకినాడ ఆసుపత్రిలో. కొంత డబ్బిస్తే సెలెక్షన్ సంగతి తాను చూసుకుంటానని ఒకాయన చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఒకాయన సంగతి తేల్చేద్దాం. ఆయనకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పుట్టిన తేదీలో గానీ, అడ్రసులో గానీ ‘చిన్న సర్దుబాటు’ చేద్దామంటే అసలే ఒప్పుకోకండి. అండర్-16 పిల్లలకు క్రికెట్ బోర్డు (బీసీసీఐ) మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తుంది. వయసు తప్పని తేలితే రెండేళ్ల నిషేధం. పదిహేనేళ్ల కుర్రాడికి రెండేళ్లు పోతే అండర్-19 ఆడే వయసులో సగం పోయినట్టే. సంతకం పెట్టేది మీరు, శిక్ష పడేది వాడికి.

ఇక కొత్త టీమ్ మాట. క్రికెట్ బోర్డును చక్కదిద్దడానికి వేసిన లోధా కమిటీ సిఫార్సుల మీద 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత దారి తెరుచుకుంది. 2018-19 సీజన్‌లో రంజీలో ఒకేసారి తొమ్మిది జట్లు చేరాయి. ఈశాన్య రాష్ట్రాలు ఆరు, బిహార్, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి. 28 జట్ల పోటీ 37 జట్లదైంది. చిన్న ఊళ్ల పిల్లలకు ఇది నిజంగా మంచి రోజు. బిహార్‌నే చూడండి. మీవాడిలాగే ఎడమచేతి స్పిన్ వేసే ఆశుతోష్ అమన్, 32 ఏళ్ల వయసులో మొదటిసారి రంజీ ఆడి ఆ సీజన్‌లోనే 68 వికెట్లు తీశాడు. ఒక రంజీ సీజన్‌లో బిషన్ సింగ్ బేడీ తీసిన 64 వికెట్ల పాత రికార్డు దాంతో చెరిగిపోయింది. ఆ జట్టుకే ఆడిన సకీబుల్ గనీ 2022లో తన మొదటి రంజీ మ్యాచ్‌లోనే 341 పరుగులు కొట్టాడు. సొంత రాష్ట్రానికి టీమే లేకపోతే వీళ్ల పేర్లు మనకు తెలిసేవి కావు.

అయితే కొత్త టీమ్ అనగానే చోటు ఖాళీగా ఉంటుందని అనుకోవద్దు. కొత్త జట్టు గెలవాలంటే అనుభవం కావాలి, అది బయటి నుంచి వస్తుంది. పుదుచ్చేరి మొదటి సీజన్‌లో హిమాచల్ నుంచి పరస్ డోగ్రా, ముంబయి నుంచి అభిషేక్ నాయర్, రాజస్థాన్ నుంచి పంకజ్ సింగ్ వచ్చి ఆడారు. మరుసటి ఏడాది కర్ణాటక నుంచి వినయ్ కుమార్ వచ్చాడు. వీళ్లు గెస్ట్ ప్లేయర్లు. వీళ్లు కాక సొంత రాష్ట్రంలో చోటు దొరకని వాళ్లు కూడా చిన్న జట్ల వైపే చూస్తారు. అంటే మీవాడి పోటీ యానాం కుర్రాళ్లతోనే కాదు, చుట్టుపక్కల రాష్ట్రాల్లో మిగిలిపోయిన మంచి ఆటగాళ్లతో కూడా. ఈ లెక్క మీకు ఎవరూ చెప్పి ఉండరు.

అందుకే మీవాడు స్థానికుడన్న రుజువు బంగారంలా దాచుకోవాల్సింది. ఇక్కడే మీ ఉత్తరంలో ఒక చిన్న మాట నన్ను ఆపింది. బర్త్ సర్టిఫికెట్‌లో కాకినాడ ఉంది. యానాంలో ఇలాంటి పిల్లలు చాలామందే ఉంటారు, కాన్పుకి కాకినాడ తీసుకెళ్లడం మామూలే కదా. కాగితం మీద మాత్రం వాడు ఆంధ్రలో పుట్టినట్టు. కాబట్టి ‘ఇక్కడే పుట్టాడు’ అన్న దారి మూసుకుపోయి, ‘ఇక్కడే ఉంటున్నాడు, ఇక్కడే చదువుతున్నాడు’ అన్న దారి ఒక్కటే మిగులుతుంది. కనీసం ఏడాది నివాసం, చదువు చూపించాలన్నది దీంట్లో ప్రధానం. ఈ ఏడాది నిబంధన ఎలా ఉందో పుదుచ్చేరి క్రికెట్ సంఘం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి, నోటి మాట వద్దు. 2018లో సీజన్ మొదలయ్యాక కొందరు పుదుచ్చేరి ఆటగాళ్ల రిజిస్ట్రేషన్‌ని బోర్డు వెనక్కి తీసుకుంది. సంఘంలో ఎవరో ‘పర్లేదు’ అన్నంత మాత్రాన సరిపోదు. కాకినాడలో ఆడుతూ ఆంధ్ర సంఘం తరఫున రిజిస్టర్ అయి ఉంటే నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ కూడా కావాలి, అదీ కనుక్కోండి.

ఇప్పుడు చదువు. ఇంటర్ మానిపించడం పొరపాటు, చదువు కోసమే అనడం లేదు నేను. స్కూలు స్టడీ సర్టిఫికెట్లే మీవాడి స్థానికతకు సాక్ష్యం. వాడు చదువు మానేస్తే ఆ సాక్ష్యం అక్కడితో ఆగిపోతుంది. అలాగని కాకినాడ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేసినా అదే చిక్కు, పైగా ఆటకు టైమే ఉండదు. యానాంలోనే ఇంటర్ చేయించండి. పొద్దున, సాయంత్రం ప్రాక్టీసుకి వీలయ్యే గ్రూపు వాణ్నే ఎంచుకోనివ్వండి. ఎండాకాలం ట్రయల్స్‌కి పుదుచ్చేరి తీసుకెళ్లండి. 800 కిలోమీటర్ల పైమాటే, ఖర్చూ అలసటా ఉంటాయి, కానీ అది ఏడాదికి ఒకటి రెండు సార్లే. అండర్-19కి కూచ్ బెహార్ ట్రోఫీ, అండర్-23కి సీకే నాయుడు ట్రోఫీ ఉన్నాయి. భారత తొలి టెస్ట్ కెప్టెన్ అయిన మన సీకే నాయుడు 1953-54లో ఆంధ్ర కొత్తగా రంజీలోకి వచ్చినప్పుడు ఆ జట్టుకి కెప్టెన్‌గా వచ్చాడు. ఈరోజు పోటీ ఎక్కువని మీరు భయపడుతున్న ఆంధ్ర కూడా ఒకప్పుడు కొత్త టీమే.

ఇంటర్ అయ్యాక పుదుచ్చేరి పంపండి, అప్పుడు సీటుతో పంపండి. సెంటాక్ (పుదుచ్చేరి ప్రభుత్వ కాలేజీ ప్రవేశాల కమిటీ) అడ్మిషన్లలో యానాం పిల్లలకు ప్రాంతీయ కోటా ఉంది. డిగ్రీలో చేరితే నివాసం, చదువు, గ్రౌండ్ మూడూ ఒకే ఊళ్లో కుదురుతాయి. యూనివర్సిటీ క్రికెట్ కూడా ఆడొచ్చు.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. 2021లో బోర్డు ప్రకటించిన ప్రకారం అండర్-19 ఆటగాడికి రోజుకు 20 వేలు, అండర్-23కి 25 వేలు, రంజీలో కొత్తవాళ్లకు 40 వేలు. నాలుగు రోజుల మ్యాచ్‌కి లక్షా అరవై వేలు. వినడానికి చాలా బాగుంటుంది. కానీ అది తుది జట్టులో ఆడితేనే, రిజర్వులో ఉంటే సగం. జట్టులోకి రాకపోతే ఏమీ ఉండదు. ఎక్కువమందికి ఆసరా అయ్యేది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. రైల్వేస్‌కి సొంత రంజీ టీమే ఉంది, రెండుసార్లు కప్పు కూడా గెలిచింది. ఆ ఉద్యోగాల్లో చాలావాటికి కనీసం ఇంటర్ పాసై ఉండాలి.

ఇంట్లో ఒక గడువు పెట్టుకోండి, కానీ ఆ మాట వాడితో కలిసి మాట్లాడండి. 19 నిండేలోపు పుదుచ్చేరి అండర్-19 ప్రాబబుల్స్‌లోకి (జట్టు ఎంపికకు ముందు వేసే జాబితాలోకి) కూడా రాకపోతే, ఆట ఆపమని కాదు, డిగ్రీని ముందుకు, ఆటను పక్కకు జరపాలి. ముందు ఈ వారంలో చేయాల్సిన పని ఒకటుంది. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు స్కూల్లో అడిగి తీసుకుని ఒక ఫైల్లో పెట్టండి. పదో తరగతి పరీక్షల హడావిడి మొదలైతే ఆఫీసులో ఎవరూ దొరకరు.